చిగుళ్ళ చీముకు కాప్సూళ్ళు ఎందుకు ఓడిపోతున్నవి?

ఉదయం పళ్ళు తోముకొని ఉమ్మినప్పుడు నురుగులో ఎర్రని చార కనిపించడం, చిగుళ్ళు ఉబ్బి ముదురు ఎరుపుకు తిరగడం, వ్రేలితో నొక్కితే చీము రావడం, నోటి దుర్వాసన, చిట్టచివరకు పళ్ళు కదలడం - ఈ లక్షణాల వరుసనే మన ఇళ్ళలో పయోరియా అంటారు. ఈ వ్యాధి గురించి పాఠకులు నన్ను అడిగే ప్రశ్న తరచుగా ఒక్కటే. "ఫలానా కాప్సూలు వేసుకుంటే తగ్గుతున్నది, మానగానే మళ్ళీ వస్తున్నది. ఇంతకంటె బలమైనది ఏమైనా ఉన్నదా? లేక ఆయుర్వేదంలో దానికి సమానమైన మందు చెప్పగలరా?"

ప్రశ్నలోనే పొరపాటు ఉన్నది. అది వివరించడానికే ఈ వ్యాసం.

మూడేళ్ళ క్రితం మార్టూరు వైపు నుండి ఒక రైతు నా వద్దకు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. క్రింది వరుస ముందు పళ్ళు నాలుగు నాలుకతో తోస్తే కదులుతున్నవి. చొక్కా జేబులో నుండి సగం సగం వాడిన కాప్సూలు స్ట్రిప్పులు నాలుగైదు తీసి బల్లమీద పెట్టారు. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్, ఇంకా పేరు చెరిగిపోయినది ఒకటి. చిగురు వాచినప్పుడల్లా మందుల షాపులో చెప్పి రెండు రోజులకు సరిపడా తెచ్చుకొనడం, నొప్పి తగ్గగానే మానివేయడం, మిగిలినవి జేబులో ఉంచుకొనడం. ఇలా ఆరేళ్ళు గడిచాయి.

"అయ్యగారూ, మొదట్లో ఒక్క రోజులో దిగేది. తర్వాత మూడు రోజులు పట్టింది. ఇప్పుడు పది రోజులు మింగినా దిగటంలా. మందులో బలం పోయిందంటారా?" అని అడిగారు.

"పెద్దాయనా, ఎనభై ఏడులో పచ్చపురుగు మీద మీరు కొట్టిన మందులో బలం పోయిందా?" అన్నాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత "మందు మందేనండి. పురుగే ముదిరింది" అన్నారు.

ఈ ప్రాంతపు పెద్దలకు ఆ సంవత్సరం గురించి చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెబుతున్నాను. 1980 తర్వాత సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త జాతి పురుగు మందులు పత్తి చేలకు వచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ వంటివి. మొదటి రెండు మూడేళ్ళు అవి అద్భుతంగా పనిచేశాయి. కొట్టిన మరునాటికి పురుగు రాలిపోయేది. దానితో వారానికి ఒకసారి, పిమ్మట నాలుగు రోజులకు ఒకసారి, రెండు మూడు మందులు కలిపి కొట్టడం అలవాటయింది. పురుగును తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు ముందుగా చచ్చాయి. తెల్లదోమ విజృంభించింది. 1987-88 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు ఏ మందుకూ చావలేదు. ఇరవైకి పైగా పిచికారీలు చేసిన చేలలో కూడా కాయ నిలవలేదు. అప్పులు తీర్చలేక కొందరు రైతులు అదే మందు త్రాగి ప్రాణాలు తీసుకున్నారు. నాకప్పటికి ముప్పై ఏళ్ళు లేవు. గురువుగారి వద్ద విద్య ముగించి, కొత్తగా వైద్యం ఆరంభించిన రోజులు. విషం త్రాగిన వారిని బండి మీద తెచ్చి వైద్యశాల ముందు దించితే, నా చేతిలో ఏమీ లేదని చెప్పి గుంటూరు పెద్దాసుపత్రికి పంపిన రాత్రులు జ్ఞాపకమున్నవి.

ఆ తర్వాత శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు పురుగును ప్రయోగశాలలో పరీక్షించి, దానికి పైరిత్రాయిడ్లను తట్టుకొనే శక్తి వచ్చినదని ధ్రువపరచారు. ఆ శక్తిని పురుగు నేర్చుకొనలేదు. కోట్ల పురుగులలో ఏ కొన్నింటికో ఆ గుణం పుట్టుకతోనే ఉంటుంది. మందు కొట్టినప్పుడు మెత్తనివి చచ్చి గట్టివి మిగులుతాయి. మిగిలినవే పిల్లలు పెడతాయి. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు మనమే గట్టి విత్తనాన్ని ఏరి దాచినట్లు అవుతుంది.

నోటిలో జరిగేది ఇదే. కాకపోతే పత్తిపురుగుకు ఒక తరం గడవడానికి నెల పడితే, సూక్ష్మజీవులలో కొన్నింటికి గంటలే చాలు. పైగా వాటికి పురుగుకు లేని సౌకర్యం ఒకటి ఉన్నది. తట్టుకొనే గుణాన్ని తమ సంతానానికే గాక ప్రక్కనున్న వేరొక జాతి సూక్ష్మజీవికి కూడా ఇవ్వగలవు. ఒక రైతు ఇంటి విత్తనం ఊరంతా పాకినట్లు ఆ గుణం ఒక జాతి నుండి మరొక జాతికి పాకుతుంది. కొన్ని జాతులు పెన్సిలిన్ వర్గపు మందులను విరగగొట్టే రసాన్ని స్రవిస్తాయి. ఆ రసం నీడలో, తమంతట తాము మందుకు లొంగిపోవలసిన జాతులు కూడా క్షేమంగా ఉంటాయి.

చిగుళ్ళ వ్యాధిలో ఇంకొక చిక్కు ఉన్నది. నా దృష్టిలో ఇదే ముఖ్యం. పంటి మీద చేరే పాచి అన్నము తునక కాదు. అది సూక్ష్మజీవులు జిగురుతో కట్టుకున్న ఇల్లు. 1683లో హాలండు దేశస్థుడు లీవెన్‌హుక్ తన పంటి పాచిని గోకి భూతద్దం క్రింద పెట్టి, దానిలో కదలాడే ప్రాణులను చూసి ఆశ్చర్యపడి లేఖ వ్రాశాడు. ఈ ఇంటిలో నివసించే సూక్ష్మజీవులు విడిగా తిరిగే వాటికంటె పదుల నుండి వేయి రెట్ల వరకు ఎక్కువ మందును తట్టుకొంటాయని నేటి శాస్త్రం చెబుతున్నది. తీయకుండా వదిలిన పాచి లాలాజలంలోని సున్నంతో గట్టిపడి గార అవుతుంది. గార మీద మళ్ళీ పాచి చేరుతుంది. ఆరోగ్యమైన చిగురుకు, పంటికి మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. గార క్రిందికి దిగిన కొద్దీ ఆ సందు అయిదు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల లోతు సంచిగా మారుతుంది. పంటిని పట్టుకున్న ఎముక అక్కడ కరుగుతుంది. మీరు మ్రింగిన కాప్సూలు పొట్టలో కరిగి, రక్తంలో కలిసి, ఆ సంచి చేరేసరికి ఎంత మిగులుతుంది? ఆ కొంచెము జిగురు గోడ దాటి లోపలికి ఎంత పోగలదు? వాపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, ఇల్లు మాత్రం కదలదు.

పత్తి తీసిన తర్వాత కట్టె పీకకుండా వదిలి, మరుసటి ఏడు పురుగు వచ్చినదని మందు కొట్టడం వంటిదే ఇది.

సుశ్రుతుడు దంతమూలాలకు వచ్చే వ్యాధులను పదిహేనుగా విభజించాడు. చీము, రక్తం స్రవించి పళ్ళు కదిలే అవస్థకు దంతవేష్టకమని పేరు. పంటి మీద గట్టిపడిన మలాన్ని దంతశర్కర అన్నాడు. పేరు చూడండి, శర్కర అంటే గరుకైన రాతిపొడి. దీనికి ఆయన చెప్పిన మొదటి చికిత్స కషాయం కాదు, లేహ్యం కాదు. చిగురుకు గాయం కాకుండా ఆ శర్కరను శస్త్రంతో పెళ్ళగించమన్నాడు. ఆ తర్వాతనే లక్క పొడిని తేనెతో కలిపి రాయమన్నాడు. ఇరవై శస్త్రాల పట్టికలో దంతశంకువు అనే పనిముట్టును ఇందుకే చేర్చాడు. గురుకులంలో ఈ భాగం వల్లించిన మేము దంతశంకువును చేతితో పట్టినవారం కాము. మాకు మూలికలు మిగిలాయి, శస్త్రం పోయింది. అది ఈనాడు పళ్ళ డాక్టరు చేతిలో ఉన్నది. ఆయన చేసే స్కేలింగు, మన ఇళ్ళలో క్లీనింగ్ అని పిలిచేది, సుశ్రుతుడు చెప్పిన పనే.

ఇది తెలిసి కూడా నేనొక తప్పు చేశాను. పదేళ్ళ క్రితం గుంటూరు నుండి ఒక ఇల్లాలు వచ్చింది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. ఇంగ్లీషు మందులకు కడుపులో మంట, అందుచేత ఆయుర్వేదమే కావాలన్నది. త్రిఫలా కషాయం, లొద్దుగ చూర్ణం ఇచ్చాను. నెలలోపు రక్తం తగ్గింది, వాసన తగ్గింది. ఆమె సంతోషించింది, నేనూ సంతోషించాను. ఎనిమిది నెలలు అవే కొనసాగించాను. చిగురు పైకి లేత ఎరుపులో చక్కగా కనిపిస్తున్నది గాని, క్రింద గార అలాగే ఉన్నది. ఎముక కరిగిపోతూనే ఉన్నది. ఒకనాడు వేరుశెనగ చిక్కీ కొరికితే ముందు పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. పళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీయించి, మరి రెండు నిలవవన్నారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మొదటి వారంలోనే పంపి ఉంటే ఆ మూడు పళ్ళు ఉండేవి. కాప్సూలు మ్రింగించినవారిని నేను తప్పుపట్టే ముందు ఇది చెప్పవలసి ఉన్నది. గారను వదిలివేస్తే కాప్సూలు చేసిన మోసమే కషాయమూ చేస్తుంది.

ఇక యాంటిబయాటిక్కుల మాట. వాటిని నిందించడం నా ఉద్దేశం కాదు. వాటిలో ఒకదాని వెనుక మన తెలుగువాడే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళక పూర్వం మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. ఆ తర్వాత సముద్రం దాటారు. లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనాధిపతిగా ఉన్న కాలంలోనే బెంజమిన్ డుగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది, ఆ ఏడే సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ వంశానికి అది ఆది. ఆ వంశపు మందులను దశాబ్దాల పాటు చిగుళ్ళ వ్యాధికి విరివిగా వాడారు. మెట్రోనిడజోల్ కథ మరొక రకం. వేరొక వ్యాధికి ఆ మాత్ర వాడుతున్న స్త్రీకి చిగుళ్ళ పుండ్లు కూడా మానిపోయిన సంగతి 1962లో ఇంగ్లండు నుండి వైద్య పత్రికలో వెలువడింది. అప్పటి నుండి అది పళ్ళ వైద్యంలోకి వచ్చింది.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ప్రసంగంలోనే హెచ్చరించాడు. మందును చాలీచాలనంత వాడితే సూక్ష్మజీవి చావకపోగా గట్టిపడుతుందని. మన రైతు జేబులోని సగం స్ట్రిప్పులే ఆ మాటకు సాక్ష్యం. 2014లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశీలనలో 400 మంది చిగుళ్ళ వ్యాధిగ్రస్తుల పాచిని పరీక్షించగా, నూటికి 74 మందిలో నాలుగు ప్రధానమైన మందులలో కనీసం ఒకదానికి లొంగని సూక్ష్మజీవులు కనిపించాయి. యాంటిబయాటిక్కులు పొదుపుగా వాడే హాలండు కంటె, ధారాళంగా వాడే స్పెయిన్‌లో చిగుళ్ళ సూక్ష్మజీవులు ఎక్కువ మొండివని మరొక పరిశీలన తేల్చింది.

మనకు ఇంకొక బెడద ఉన్నది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడిని పత్తిలో నల్లమచ్చ తెగులుకు, మిరపలో బాక్టీరియా ఆకుమచ్చకు పిచికారీ చేయడం ఈ చేలలో ఏనాటి నుండో ఉన్నదే. మనిషి చిగురుకు వాడిన మందే మిరప ఆకుకు! ఈ రెండింటినీ వ్యవసాయంలో నిలిపివేసే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది.

"పన్ను పోతే పోయింది, ప్రాణం పోతుందా?" అని కొందరు అంటారు. మీరు చిగురు కోసం మ్రింగిన కాప్సూలు చిగురుకు మాత్రమే పోదు. ప్రేగులలో, చర్మం మీద, గొంతులో ఉన్న కోట్ల జీవులనూ తాకుతుంది. అక్కడ కూడా గట్టివి మిగులుతాయి. రేపు అదే మనిషికి ఊపిరితిత్తులకు నెమ్ము చేసినప్పుడు, మూత్రంలో చీము వచ్చినప్పుడు, ఆపరేషను జరిగినప్పుడు అవసరమైన మందు పనిచేయక పోవచ్చును. 2019 ఒక్క సంవత్సరంలో మందులకు లొంగని బాక్టీరియా వలన ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించినట్లు 2022లో అంచనా వెలువడింది.

చేయవలసినది ఏమి? ముందు గార తీయించుకొనవలెను. గుంటూరు ప్రక్కన తక్కెళ్ళపాడులోనూ, విజయవాడలోనూ దంతవైద్య కళాశాలలు ఉన్నవి. చిగురు క్రింద లోతుగా గార ఉంటే మత్తు ఇచ్చి రెండు మూడు విడతలుగా తీస్తారు. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి" అనే భయం మన ఇళ్ళలో చాలా ఉన్నది. పన్ను అప్పటికే వదులై, గార ముద్దలో ఇరుక్కొని నిలబడి ఉన్నది. గార తీసిన తర్వాత అసలు స్థితి తెలుస్తుంది. చిగురు గట్టిపడిన కొద్దీ చాలా పళ్ళు తిరిగి నిలదొక్కుకుంటాయి. కొద్ది రోజులు చల్లనీళ్ళకు జివ్వుమనడం సహజం.

అధిక సంఖ్యాకులకు ఈ శుభ్రత, ఆ తర్వాతి ఇంటి జాగ్రత్త చాలును. కాప్సూలు అక్కరలేదు. యూరపు చిగుళ్ళ వైద్య సమాఖ్య 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చిగుళ్ళ వ్యాధిలో యాంటిబయాటిక్కులను మామూలుగా అందరికీ ఇవ్వవద్దనే చెప్పాయి. చిన్న వయసులో వేగంగా ఎముక కరిగిపోయేవారికి, జ్వరంతో కూడిన చీముగడ్డకు, మరికొన్ని అవస్థలకు పళ్ళ డాక్టరు వ్రాయవచ్చును. వ్రాసినప్పుడు వ్రాసినంత మోతాదు, వ్రాసినన్ని రోజులు తప్పక వాడవలెను. గుండె కవాటం మార్పిడి జరిగినవారికి గార తీసే ముందు ఒక మోతాదు ఇస్తారు, ఆ సంగతి దాచకుండా చెప్పవలెను. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ వర్గపు మందులు పనికిరావు, పిల్లల పళ్ళు శాశ్వతంగా రంగు మారుతాయి. మెట్రోనిడజోల్ వాడే రోజులలో మద్యం ముట్టరాదు.

గార తీసిన తర్వాతనే మన మూలికలకు చోటు. త్రిఫలా చూర్ణం రెండు చెంచాలు రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలే వరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా ఉదయం రాత్రి పుక్కిలించవలెను. ఏ రోజు కషాయం ఆ రోజే కాచుకొనవలెను. పాచి చేరడాన్ని త్రిఫల తగ్గిస్తుందని మన దేశపు పరిశీలనలు కొన్ని చూపాయి. నల్లతుమ్మ బెరడు, మర్రి, మేడి, రావి బెరడుల కషాయం కూడా ఇదే విధంగా వాడవచ్చును. వగరు వలన వదులైన చిగురు బిగుస్తుంది. లొద్దుగ, పతంగచెక్క, అతిమధురం, లక్క సమభాగాలుగా చూర్ణించి, చిటికెడు తేనెలో కలిపి మెత్తగా చిగురుకు రాసి, కొంతసేపటికి పుక్కిలించి ఉమ్మివేయవలెను. లవంగ నూనెను పల్చన చేయకుండా చిగురు మీద పోయరాదు, పొక్కుతుంది. దూది ముంచి నోటిలో పెట్టుకొని నిద్రపోయి, మరునాడు తెల్లగా కాలిన చిగురుతో వచ్చినవారిని చూశాను.

కచ్చిక, ఇటుక పొడి, ఉప్పుగల్లులతో రుద్దడం మానవలెను. వేపపుల్ల మంచిదే, కొసను బాగా నమిలి మెత్తని కుంచె చేసుకొని వాడితే. రంపంతో కోసినట్లు అడ్డంగా రాస్తే చిగురు క్రిందికి జారుతుంది. మెత్తని బ్రష్షు అయితే చిగురు, పన్ను కలిసే అంచు మీద ఏటవాలుగా ఉంచి చిన్న చిన్న కదలికలతో తోమవలెను. రాత్రి తోమడం ఉదయం తోమడం కంటె ముఖ్యం. పళ్ళ సందులకు దారమో, సన్నని సందు బ్రష్షో వాడితే ఇంకా మేలు.

మా గుంటూరు వారి ప్రశ్న ఒకటి తప్పదు, కారం మానాలా అని. వాచిన చిగురును కారం మండిస్తుంది గాని వ్యాధిని పుట్టించదు. పుండు మానేవరకు తగ్గించండి, ఆ తర్వాత మీ పచ్చడి మీరు తినండి. మానవలసినది పొగాకు. చుట్ట, సిగరెట్టు త్రాగేవారి చిగురులో రక్తనాళాలు ముడుచుకొని రక్తస్రావం తగ్గుతుంది. రక్తం కనిపించడం లేదు గనుక బాగున్నదని వారనుకొంటారు, లోపల ఎముక మాత్రం ఇతరులకంటె వేగంగా కరుగుతుంది.

మార్టూరు రైతుకు నేను మొదట వ్రాసినది రక్తంలో చక్కెర పరీక్ష. మధుమేహం ఉన్నవారి చిగుళ్ళు త్వరగా చెడతాయి, చెడిన చిగుళ్ళు మధుమేహాన్ని లొంగనివ్వవు. అనుమానం నిజమైంది, ఆయనకు ఎన్నాళ్ళ నుండో ఉన్నది, తెలియదు. చక్కెరకు వైద్యం ఆరంభించి, పళ్ళ డాక్టరు వద్దకు పంపాను. నాలుగు విడతలుగా గార తీశారు. కదిలే నాలుగింటిలో రెండు తీసివేయవలసి వచ్చింది, రెండు నిలిచాయి. ఒక్క కాప్సూలు కూడా వ్రాయలేదు. "ఇంత మాత్రానికి ఆరేళ్ళు మింగానా?" అన్నారాయన. ఇప్పుడు ఆరు నెలలకు ఒకసారి శుభ్రం చేయించుకుంటున్నారు. పత్తి కట్టె పీకే నెలలో ఒకసారి, విత్తే నెలలో ఒకసారి అని గుర్తు పెట్టుకున్నారట.

ఒక జాగ్రత్త. దవడ వాచి నోరు తెరుచుకొనకపోయినా, వాపు కంటి వైపుకో మెడ వైపుకో పాకినా, జ్వరం, చలి, మింగలేకపోవడం ఉన్నా కషాయాలతో కాలయాపన చేయరాదు, ఆ రోజే ఆసుపత్రికి పోవలెను. అటువంటప్పుడు యాంటిబయాటిక్కే ప్రాణం నిలుపుతుంది. ఇంట్లో డబ్బాలో మిగిలిపోయిన పాత కాప్సూళ్ళు ఉంటే వాటిని ప్రక్కింటివారి చిగురు నొప్పికి ఇవ్వకండి. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆ స్ట్రిప్పులు కూడా తీసుకొని వెళ్ళండి. ఏ మందు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు వాడారో ఆయనకు తెలియడం అవసరం.